రాజా దీన్‌దయాళ్: గాజు పలకలు ఎవరివి, చిత్రాలు ఎవరివి?

హైదరాబాద్: 1902 ఏప్రిల్‌లో నిజాం రాజ్యంలోని నెక్కొండ ప్రాంతపు అడవుల్లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ పులివేట సాగించారు. వేట ముగిశాక కర్జన్ దంపతులు చనిపోయిన పులితో ఫొటో తీయించుకున్నారు. నేటి తెలంగాణలోని వరంగల్ జిల్లాకు చెందిన ఆ చోటు పేరు ప్రపంచానికి అంతగా తెలియకపోయినా, ఆ ఫొటో మాత్రం అందరికీ తెలుసు. వలస పాలన మీద వెలువడిన ఎన్నో పుస్తకాల్లో, వ్యాసాల్లో అది దర్శనమిస్తుంది. దాన్ని తీసింది సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసిన లాలా దీన్‌దయాళ్ అండ్ సన్స్ అనే సంస్థ. చిత్రం కింద ఆ పేరు ఒక్కోసారి కనిపిస్తుంది, ఎక్కువసార్లు కనిపించదు. దాని స్థానంలో ఏదో ఒక చిత్రాల విక్రయ సంస్థ ముద్రో, ఏదో ఒక మ్యూజియం పేరో ఉంటుంది.

నూట ఇరవై ఏళ్లు దాటిన ఆ చిత్రం ఎవరి సొత్తు? వేటాడిన వైస్రాయ్‌దా, ఆతిథ్యమిచ్చిన నిజాందా, కెమెరా పట్టినవారిదా, ప్రతిని భద్రపరచిన గ్రంథాలయానిదా, అందరిదీనా? దీన్‌దయాళ్ జీవితకథను ఈ ప్రశ్న పక్కన పెట్టి చదివితే అది ఒక ఆస్థాన కళాకారుడి వైభవగాథగానే మిగిలిపోతుంది. ఇంతకాలం ఆ కథను చెప్పుకున్న తీరూ అదే.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపంలోని సర్దానా పట్టణంలో జన్మించారు. నగల వ్యాపారం చేసే జైన కుటుంబం వారిది. రత్నాల తూకం, బంగారం నాణ్యం తెలిసిన ఆ ఇంట్లో పిల్లవాడు మాత్రం కొత్త కాలపు చదువువైపు మళ్లాడు. గంగా కాలువ నిర్మాణానికి కావలసిన ఇంజినీర్లను తయారుచేసేందుకు వెలసిన రూర్కీ కళాశాల అప్పటికే థామసన్ కాలేజీగా పేరొందింది. నేడు ఐఐటీ రూర్కీగా ఉన్నది ఆ సంస్థే. అక్కడ సివిల్ ఇంజినీరింగ్‌లో శిక్షణ పొంది, 1866లో ఇందూరులోని ప్రజాపనుల విభాగం కార్యాలయంలో అంచనాలు వేసే ఉద్యోగిగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు.

కొలతలు, కోణాలు, గోడల నిలువు రేఖలు అప్పుడు ఆయన దినచర్య. తరువాతి రోజుల్లో ఆయన తీసిన కోటలు, రాజప్రాసాదాల చిత్రాల్లో స్తంభాలు ఒరిగిపోకుండా, మెట్ల వరుసలు చెదిరిపోకుండా నిలిచి ఉండటానికి ఈ నక్షాల బల్లే కారణమనుకుంటే తప్పులేదు.

1870వ దశకం మధ్యలో ఆయన ఫొటోగ్రఫీలోకి అడుగుపెట్టారు. ఇందూరు మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్ ఆదరించారు. మధ్యభారతంలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ ప్రోత్సహించి సంస్థానాధీశులకు పరిచయం చేశారు. 1875-76లో ప్రిన్స్ ఆఫ్ వేల్స్ భారత పర్యటనకు వచ్చినప్పుడు ఆ సందర్భాన్ని చిత్రించే అవకాశం కూడా దక్కింది. ఉద్యోగం మానకుండానే ఇదంతా సాగింది.

ఆ కాలంలో ఫొటో తీయడం అంటే బొత్తాం నొక్కడం కాదు. గాజు పలక మీద కొలోడియన్ ద్రావకం సమంగా పోయాలి. దాన్ని వెండి లవణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో అమర్చి, వెలుగు చూపించి, వెంటనే చీకటి గుడారంలోకి తీసుకెళ్లి బొమ్మను తేల్చాలి. ఎండాకాలంలో పలక నిమిషాల్లో ఆరిపోతుంది. గుడారం, సీసాలు, గాజు, నీరు అన్నీ ఎడ్లబండ్ల మీద వెంట నడవాలి. 1880వ దశకంలో కర్మాగారాల్లో తయారైన పొడి పలకలు వచ్చాక ఈ కష్టం కొంత తగ్గింది. కాగితం మీద ప్రతిని తీసే పద్ధతి మాత్రం ఎక్కువగా పాతదే. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితాన్ని గాజు పలకకు ఆనించి ఎండలో పెట్టేవారు. పలక ఎంత పరిమాణంలో ఉంటే చిత్రమూ అంతే.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పలక ఎవరి దగ్గర ఉంటే వారే మళ్లీ ప్రతులు తీయగలరు. చట్టం ఏమి చెప్పినా చెప్పకపోయినా, ఆ రోజుల్లో ఛాయాచిత్రకారుడి అసలు ఆస్తి ఆ గాజు ముక్కే. హక్కు అనేది కాగితం మీద లేనిచోట అల్మారా తాళమే హక్కుగా చెల్లింది.

1880వ దశకం ఆరంభంలో డేలీ తరువాత వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి దీన్‌దయాళ్ బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగారు. సాంచి, గ్వాలియర్, ఖజురహో వంటి చోట్ల ప్రాచీన కట్టడాలను చిత్రించారు. ఆ చిత్రాలతో మధ్యభారత ప్రసిద్ధ కట్టడాల మీద ఒక పెద్ద గ్రంథం 1886లో వెలువడింది. వ్యాఖ్యానం రాసిన గ్రిఫిన్ పేరునే గ్రంథం ప్రచారంలోకి వచ్చింది. నేటికీ గ్రంథాలయాల జాబితాల్లో దాన్ని వెతకాలంటే గ్రిఫిన్ పేరుతోనే వెతకాలి. పాఠకుడు తిరగేసేది చిత్రాలనే అయినా రచయిత స్థానం అక్షరం రాసినవారికే దక్కింది. ఛాయాచిత్రాన్ని ఒక రచనగా, దాన్ని తీసినవారిని కర్తగా గుర్తించే అలవాటు అప్పటికి సమాజానికి రాలేదు.

చట్టానికి కూడా అది ఆలస్యంగానే వచ్చింది. బ్రిటన్‌లో 1862లో చేసిన లలితకళల కాపీరైట్ చట్టం తొలిసారి ఛాయాచిత్రాలకు రక్షణ ఇచ్చింది. చిత్రకారుడు జీవించినంత కాలం, మరణానంతరం మరో ఏడేళ్లు హక్కు ఉండేది. అయితే డబ్బిచ్చి తీయించుకున్న చిత్రంపై రాతపూర్వకమైన ఒప్పందం లేకపోతే హక్కు తీయించుకున్నవారిదే. ఈ చట్టం బ్రిటన్ దాటి వలస దేశాలకు వర్తించదని ప్రీవీ కౌన్సిల్ 1903లో కెనడా నుంచి వచ్చిన ఒక వివాదంలో తేల్చింది. భారతదేశంలో అప్పటికి ఉన్న 1847 నాటి చట్టం పుస్తకాలకు సంబంధించినది. అంటే దీన్‌దయాళ్ తన జీవితకాలంలో తీసిన వేలాది చిత్రాలకు ఆయన పనిచేసిన నేల మీద కాపీరైట్ రక్షణ దాదాపు శూన్యం.

అదే సమయంలో అమెరికాలో మరో తీరు నడిచింది. న్యూయార్క్ ఛాయాచిత్రకారుడు నెపోలియన్ సరోనీ రచయిత ఆస్కార్ వైల్డ్‌ను తీసిన చిత్రాన్ని ఒక ముద్రణ సంస్థ అనుమతి లేకుండా వేల సంఖ్యలో అచ్చువేసింది. కెమెరా యంత్రమేగదా, దానికి కర్త ఎవరన్నది ఆ సంస్థ వాదన. కూర్చోబెట్టిన భంగిమ, దుస్తులు, వెలుగునీడల ఎంపిక ఇవన్నీ మనిషి ఆలోచన నుంచి పుట్టినవేనని, కాబట్టి ఛాయాచిత్రకారుడూ కర్తేనని అమెరికా సుప్రీంకోర్టు 1884లో తీర్పు చెప్పింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే దీన్‌దయాళ్ ఇందూరు కొలువును వదిలి పూర్తికాలం కెమెరా చేపట్టే దిశగా నడుస్తున్నారు. సరోనీ గెలిచిన వాదాన్ని ఎవరైనా భారతదేశంలో వినిపించి ఉంటే వినేందుకు చట్టమే లేదు.

దానికి బదులు ఆయనకు బిరుదులు లభించాయి. 1885లో వైస్రాయ్ లార్డ్ డఫరిన్ ఆయనను తన ఛాయాచిత్రకారుడిగా నియమించారు. తరువాత విక్టోరియా రాణి ఛాయాచిత్రకారుడిగా రాజముద్ర గౌరవం కూడా దక్కింది. బిరుదులను ఆడంబరంగా చూసి తీసిపారేయడం తేలికే. కానీ హక్కు లేని చోట బిరుదే పెట్టుబడి. చిత్రం అంటించిన అట్ట మీద రాజచిహ్నం అచ్చయి ఉంటే, పక్క వీధి దుకాణం నకలు తీసి అమ్మినా అసలు ఏదో కొనేవారికి తెలుస్తుంది. దీన్‌దయాళ్ ఈ లెక్క బాగా ఎరిగిన వ్యాపారి.

హైదరాబాద్ ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా చేర్చుకున్నారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో వెలిసింది. ఒకవైపు బ్రిటిష్ దండు, అధికారులు, వారి కుటుంబాలు; మరోవైపు నిజాం దర్బారు, పాయిగా నవాబులు, జాగీర్దార్లు. రెండు లోకాల నడుమ సికింద్రాబాద్ ఉంది. స్టూడియోకు ఇంతకంటే అనువైన చోటు దేశంలో మరొకటి ఉండేది కాదేమో.

నిజాం వేటలు, సైనిక విన్యాసాలు, విందులు, చౌమహల్లా దర్బార్లు, చార్మినార్ చుట్టూ బజార్లు, ఫలక్‌నుమా ప్యాలెస్ గదులు అన్నీ ఆయన కెమెరాకు ఎదురయ్యాయి. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాద్ వచ్చారు. ఇరవయ్యొక్క ఏళ్ల తరువాత సారాయెవోలో ఆయన హత్యే మొదటి ప్రపంచ యుద్ధానికి నిప్పు రాజేసింది. అలనాటి బషీర్‌బాగ్ ప్యాలెస్ నేడు లేదు. ఆ పేరు ఒక పేటకు మిగిలింది. ప్యాలెస్ లోపలి దీపాలు, అద్దాలు, కుర్చీలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే దీన్‌దయాళ్ చిత్రాలే ఆధారం.

రాజభోగాలనే కాదు, కరవునూ ఆ కెమెరా చూసింది. పందొమ్మిదో శతాబ్దం చివర దక్కనును పీడించిన క్షామకాలంలో నిజాం ప్రభుత్వం ఔరంగాబాద్ ప్రాంతంలో చేపట్టిన సహాయ పనులను ఆయన సంస్థ చిత్రించింది. బావులు తవ్వే కూలీలు, వరుసల్లో కూర్చున్న బక్కచిక్కిన మనుషులు ఆ ఆల్బంలో కనిపిస్తారు. ప్రభుత్వ ఔదార్యాన్ని చాటడానికి తీయించిన చిత్రాలే అవి. అయినా వాటిని చూసేవారి చూపు ఔదార్యం మీద కాకుండా ఆ మనుషుల పక్కటెముకల మీదే నిలుస్తుంది.

1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు అక్కడికి వచ్చి చిత్రాలు తీయించుకునేలా ఎత్తైన గోడల నడుమ ఏర్పాట్లు చేసి, ఒక ఆంగ్ల మహిళకు నిర్వహణ అప్పగించారు. మగవాడి నీడ పడని చోట తీసిన ఆ చిత్రాలు ఇంటివారికి తప్ప ఇతరులకు చూపడానికి ఉద్దేశించినవి కావు. కాపీరైట్ గడువు తీరింది కాబట్టి వాటిని ఎక్కడైనా అచ్చువేయవచ్చునన్న మాట చట్టరీత్యా నిజమే కావచ్చు. ఆ ఇళ్ల తలుపులు మూసి ఉండటానికి మాత్రం కాపీరైట్‌తో పని లేదు.

1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు పురస్కారం లభించింది. మరుసటి ఏడు నిజాం ఆయనకు రాజా బిరుదుతో పాటు ముసవ్విర్ జంగ్ అనే బిరుదునూ ప్రదానం చేశారు. చిత్రకళలో యోధుడని దాని భావం. మహబూబ్ అలీఖాన్ స్వయంగా ఆయన మీద ఉర్దూలో ఒక ద్విపద చెప్పారని కూడా ప్రతీతి. 1896లో బొంబాయిలో మరో స్టూడియో వెలిసింది. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ తండ్రికి తోడుగా నిలిచారు. సంస్థ పేరు చివర అండ్ సన్స్ చేరింది.

ఆ రెండు పదాలే తరువాతి తరాల పరిశోధకులకు పెద్ద పరీక్షగా మారాయి. తొలినాళ్లలో ఇందూరులో గుడారం వేసుకుని ఒంటిచేత్తో తీసిన చిత్రానికీ, ఇరవై ఏళ్ల తరువాత కుమారులో, జీతానికి పనిచేసే ఆపరేటర్లో తీసిన చిత్రానికీ ఒకే పేరు. పలకల అంచున వేసిన సంఖ్యలు, ప్రతుల మీద ముద్రించిన పేరు సంస్థను చెబుతాయే తప్ప వ్యక్తిని చెప్పవు. నెక్కొండ చిత్రం తీసేనాటికి దీన్‌దయాళ్‌కు యాభై ఎనిమిదేళ్లు. ఆ అడవికి ఆయనే వెళ్లారా, కుమారుణ్ణి పంపారా అన్నది ఆ చిత్రం మీది పేరును బట్టి తేలదు.

1904లో ధరమ్‌చంద్ కన్నుమూశారు. ఏడాది తిరగకుండానే, 1905 జులై 5న దీన్‌దయాళ్ కూడా తుదిశ్వాస విడిచారు. అయినా సంస్థ ఆగలేదు, పేరు మారలేదు. ఇందువల్ల ఒక విచిత్రం చోటు చేసుకుంది. 1905-06లో నాటి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ దంపతులు జరిపిన భారత పర్యటనలో దీన్‌దయాళ్ వెంట ఉన్నారని కొన్ని జీవిత పరిచయాల్లో నేటికీ కనిపిస్తుంది. ఆ పర్యటన మొదలయ్యే నాటికి ఆయన మరణించి నెలలు గడిచాయి. అమెరికాలో క్లార్క్ వోర్స్‌విక్ కూర్పుతో 1980లో వెలువడిన ప్రసిద్ధ గ్రంథం ఉపశీర్షికలోనే ఆయన చిత్రాల కాలాన్ని 1884 నుంచి 1910 వరకని పేర్కొంది. మరణించిన ఐదేళ్ల తరువాత కూడా ఆయన ఫొటోలు తీస్తున్నట్టు దాని అర్థం. అక్కడ దీన్‌దయాళ్ అంటే మనిషి కాదు, దుకాణం.

ఇది చరిత్రకారుల చాదస్తం అనుకోవడానికి వీల్లేదు. హక్కుల లెక్క అంతా ఈ తేదీ చుట్టూనే తిరుగుతుంది.

బ్రిటిష్ సామ్రాజ్యమంతటికీ ఉద్దేశించి 1911లో చేసిన కాపీరైట్ చట్టాన్ని కొద్ది మార్పులతో భారతదేశానికి అన్వయిస్తూ 1914లో ఇక్కడ చట్టం వచ్చింది. ఛాయాచిత్రానికి అసలు నెగెటివ్ తయారైన నాటి నుంచి 50 ఏళ్ల రక్షణ అందులో ఉంది. నెగెటివ్ తయారైనప్పుడు దాని యజమాని ఎవరో వారినే కర్తగా భావించాలని కూడా చెప్పింది. గాజు పలకే ఆస్తి అన్న పాత దుకాణదారుల అనుభవానికి చట్టం ముద్ర వేసినట్టయింది. డబ్బిచ్చి తీయించుకున్న చిత్రమైతే తొలి హక్కు తీయించుకున్నవారికేనన్న పాత నియమమూ కొనసాగింది. ఆ లెక్కన నిజాం తీయించుకున్న చిత్రం నిజాందే, వైస్రాయ్ తీయించుకున్నది వైస్రాయ్‌దే. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు కాబట్టి అక్కడి చట్టం దానంతటదే ఇక్కడ చెల్లదన్న చిక్కు మరొకటి.

ఈ చిక్కులన్నీ పక్కనబెట్టి, దీన్‌దయాళ్‌కు అత్యంత అనుకూలంగానే లెక్క వేద్దాం. ఆయన తన చివరి రోజున ఒక పలక మీద బొమ్మ తీశారని, దానికి 1911 చట్టం పూర్తి రక్షణ ఇచ్చిందని అనుకున్నా, 50 ఏళ్ల గడువు 1955తో తీరిపోయింది. స్వతంత్ర భారతం చేసుకున్న 1957 నాటి కాపీరైట్ చట్టం 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. అప్పటికే హక్కు పోయిన రచనకు ఈ చట్టం వల్ల హక్కు తిరిగి పుట్టదని అందులోనే స్పష్టంగా రాసి ఉంది. కాబట్టి దీన్‌దయాళ్ బతికుండగా తీసిన ప్రతి చిత్రం, అచ్చయినా అచ్చుకాకపోయినా, కొత్త చట్టం పుట్టేనాటికే భారతదేశంలో ప్రజల సొత్తయింది.

అచ్చుకాకపోయినా అన్న మాటకు ఇక్కడ బరువుంది. 1957 చట్టం ఛాయాచిత్రాల గడువును తీసిన రోజు నుంచి కాక ప్రచురించిన నాటి నుంచి లెక్కించింది. మొదట 50 ఏళ్లు. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కులు ముగియబోతున్న సందర్భంలో చట్టాన్ని సవరించినప్పుడు అది 60 ఏళ్లయింది. అంటే ఆ చట్టం పరిధిలోకి వచ్చిన పాత పలక ఏదైనా ఎన్నడూ అచ్చుకాకపోతే దాని గడియారం మొదలే కాదు. దీన్‌దయాళ్ సంస్థ 1909లో తీసిన ఒక చిత్రాన్ని ఊహించుకోండి. పాత లెక్కన దాని 50 ఏళ్లు 1959 వరకు సాగాలి. 1958లో కొత్త చట్టం వచ్చేసరికి హక్కు ఇంకా సజీవంగా ఉన్నట్టే. అది తొలిసారి 1980లో పుస్తకానికెక్కి ఉంటే, అక్కడి నుంచి 60 ఏళ్లు లెక్కించి 2040 వరకు రక్షణ ఉందని వాదించేవారికి చోటు దొరుకుతుంది. 2012 సవరణ ఛాయాచిత్రాలకు ఉన్న ఈ ప్రత్యేక సెక్షన్‌ను తొలగించి, వాటినీ ఇతర రచనలతో సమం చేసి, కర్త జీవితకాలం మీద 60 ఏళ్లు అన్న గడువు పెట్టింది. అప్పుడు అసలు ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది: 1909లో ఆ పలక వెనక నిలబడ్డ కర్త ఎవరు?

ఆ ప్రశ్న ఎదురుకాకుండా కాపాడేది 1905 జులై 5 అన్న తేదీ ఒక్కటే. దానికి ముందు తీసినదని రుజువైతే చిత్రానికి ఏ కట్టడీ లేదు. నేటి చట్టం ప్రకారం కర్త మరణం నుంచి 60 ఏళ్లు లెక్కించినా 1965తోనే గడువు ముగుస్తుంది. కాబట్టి చిత్రం కింద తేదీని, కర్తను సరిగా రాయడం పండితుల మర్యాద మాత్రమే కాదు. పాఠ్యపుస్తకం అచ్చువేసే చిన్న ప్రచురణకర్తకు అది ఖర్చుకు సంబంధించిన విషయం.

మరి హక్కే లేని చిత్రాలకు రుసుములు ఎందుకు వసూలవుతున్నాయి? వస్తువు వేరు, హక్కు వేరు. ఆల్బం ఒక సంస్థదైనప్పుడు దాన్ని ఎవరికి చూపాలో, స్కాన్ చేయించి ఇవ్వడానికి ఎంత తీసుకోవాలో ఆ సంస్థ ఇష్టం. తలుపు దగ్గర సంతకం చేయించుకున్న షరతు ఆ సంతకం చేసినవారిని కట్టిపడేస్తుంది. అది ఒప్పందం, కాపీరైట్ కాదు. ఒకసారి చిత్రం బయటకు వచ్చాక, ఆ ఒప్పందంతో సంబంధం లేని మూడో మనిషిని అడ్డుకోవడానికి అది చాలదు. చదునైన పాత చిత్రాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీస్తే అందులో కొత్త సృజన లేదని, కొత్త హక్కు పుట్టదని న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 1999లో ఒక మ్యూజియం చిత్రాల వివాదంలో తేల్చింది. శ్రమ, ఖర్చు మాత్రమే చాలవు, కనీస సృజనాత్మకత ఉండాలని భారత సుప్రీంకోర్టు న్యాయతీర్పుల ప్రచురణకు సంబంధించిన ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. ఆ సూత్రాన్ని స్కానర్ దగ్గరకు తీసుకొస్తే జవాబు ఊహించడం కష్టం కాదు. రంగులద్దిన మహబూబ్ అలీఖాన్ చిత్రాల సంగతి వేరు. అద్దిన రంగుల్లో సృజన ఉంటే ఆ మేరకు వాదించుకోవచ్చు. కింద ఉన్న నలుపుతెలుపుల మీద మాత్రం ఎవరికీ పట్టు లేదు.

ఇందులో అన్యాయం కూడా లేకపోలేదు. భద్రపరచడానికి ఖర్చవుతుంది. గాజు పలక జారితే ముక్కలు, తేమ తగిలితే పొర లేస్తుంది. ఎవరో ఒకరు చల్లని గదిలో, నిలువు అరల్లో వాటిని కాపాడకపోతే ప్రజల సొత్తు అన్న మాటకు అర్థం ఉండదు. అయితే ఆ ఖర్చును లేని హక్కు పేరుతో రాబట్టుకోవడం మరో విషయం.

దీన్‌దయాళ్ మరణానంతరం సంస్థ ప్రాభవం క్రమేణా సన్నగిల్లింది. 1911లో మహబూబ్ అలీఖాన్ కన్నుమూశారు. చేతిలో ఇమిడే కెమెరాలు వచ్చి, దర్బారీ చిత్రానికి ఉన్న గిరాకీ తగ్గింది. ప్రతులు ప్రపంచమంతా చెదిరిపోయాయి. కర్జన్ ఆల్బంలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, మరికొన్ని అమెరికాలోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియంలో, ఢిల్లీలోని అల్కాజీ సేకరణలో ఉన్నాయి. పలకలు మాత్రం చాలావరకు దేశం దాటలేదు. 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లను సేకరించింది. ఒక భారతీయ ఛాయాచిత్రకారుడి పందొమ్మిదో శతాబ్దపు పని ఇంత మొత్తంలో ఒకేచోట మిగిలి ఉండటం అరుదు.

2006లో తపాలా శాఖ ఆయన స్మారకంగా స్టాంపు విడుదల చేసింది. 2010లో కళాకేంద్రం తన పలకల నుంచి తీసిన చిత్రాలతో ఢిల్లీలో పెద్ద ప్రదర్శన ఏర్పాటు చేసింది. 2013లో కెనడాలోని టొరంటో రాయల్ ఒంటారియో మ్యూజియం మరో ప్రదర్శన జరిపింది. అదే ఏడాది దీపాలీ దేవన్, డెబొరా హటన్ రాసిన గ్రంథం దీన్‌దయాళ్‌ను ఆస్థాన సేవకుడిగా కాక ఒక కళాకారుడిగా, వ్యాపార నిర్మాతగా పరిశీలించింది. మనిషిని దుకాణం నుంచి వేరుచేసి చూసే పని అలా గట్టిగా మొదలైంది.

ఆ పని ఇంకా మిగిలే ఉంది. పలక అంచున వేసిన సంఖ్యను ముద్రిత ప్రతులతో, ఆల్బంలలోని తేదీలతో, పర్యటనల వివరాలతో సరిపోల్చుకుంటూ పోవాలి. ఏ సంఖ్య 1905 జులైకి ఇవతల ఆగింది, ఏది దాటింది అన్నది ఒక్కొక్క గాజు ముక్కనూ వెలుగుకు ఎత్తి చూస్తేనే తెలుస్తుంది.